ధర పుట్టేది ఒప్పందంలోనే

(గుంటూరులో బయోటెక్నాలజీ, ఎం.బి.ఎ. విద్యార్థుల ఉమ్మడి సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బయోటెక్నాలజీ వ్యాపారం గురించి మాట్లాడమంటే వక్తలు సాధారణంగా అమెరికా నుంచి మొదలుపెడతారు. నేను మన గుంటూరు పట్నంబజారు విత్తన దుకాణాల నుంచి మొదలుపెడతాను. 2005 ఖరీఫ్‌లో బీటీ పత్తి, అంటే కాయతొలుచు పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువును చేర్చిన పత్తి, ప్యాకెట్ కొన్న రైతు 450 గ్రాముల గింజలకు 1,600 రూపాయలు, కొన్ని రకాలకు 1,850 దాకా చెల్లించాడు. అందులో 1,250 రూపాయలు గింజకు కాదు, గింజలో ఉన్న జన్యువుకు. దాన్ని ట్రెయిట్ ఫీజు అనేవారు. గింజను పెంచి, శుభ్రం చేసి, సంచిలో పోసి ఊళ్లకు చేర్చిన వాళ్లందరికీ కలిపి మిగిలింది ఆ పైన ఉన్న కొసరే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. ఆ మొదటి తరం జన్యువుకు మన దేశంలో పేటెంటు లేదు. మరి అంత రుసుము ఎలా వసూలైంది? ఒప్పందం వల్ల. అనుమతి పొందిన జన్యువు, దాని భద్రతా పరీక్షల సమాచారం మన మహికో, అమెరికా మోన్‌శాంటో కలిసి పెట్టిన మహికో మోన్‌శాంటో బయోటెక్ కంపెనీ చేతిలో ఉన్నాయి. విత్తన కంపెనీలు 50 లక్షల రూపాయలు ముందుగా కట్టి ఉపలైసెన్సు తీసుకున్నాయి. ప్రతి ప్యాకెట్ మీదా ఇంత చెల్లిస్తామని సంతకం చేశాయి. ఆ సంతకాల భారం చివరికి రైతు మీద పడింది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసి, ఆ ఏడాది ప్యాకెట్ ధరను 750 రూపాయలకు కట్టడి చేసింది. అంటే మొత్తం ప్యాకెట్ ధర అంతకుముందు జన్యువు ఒక్కదానికే కట్టిన రుసుముకన్నా తగ్గిపోయింది!

ఆ ప్యాకెట్‌తో పాటు ఇంకో చిన్న పొట్లం ఇచ్చేవారు. 120 గ్రాముల మామూలు పత్తి గింజలు. పొలం చుట్టూ వేయాలని సూచన. మామూలు మొక్కల మీద బతికిన పురుగులు, బీటీని తట్టుకున్న పురుగులతో జతకడితే ఆ తట్టుకునే గుణం పలచబడుతుందన్నది శాస్త్రం. కానీ అంత డబ్బు పోసి విత్తనం కొన్న రైతు, పురుగును మేపడానికి నాలుగు సాళ్లు వదులుకుంటాడా? ఆ పొట్లాలు చాలావరకు గట్ల మీదే ఉండిపోయాయి. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీకి లొంగకుండా పత్తి కాయలను ఎలా తొలిచేసిందో ఈ జిల్లాలో పుట్టిన మీకు చెప్పనక్కర్లేదు. రైతుకు అవగాహన లేదని నిపుణులు తేల్చేశారు. నేను ఒప్పుకోను. నష్టం ఒక్కడిది, లాభం ఊరందరిదీ అయ్యే ఏర్పాటును పరిహారం లేకుండా ఎవరూ పాటించరు. అది ఆ సరుకును బజారుకు తెచ్చిన పద్ధతిలోని లోపం. మేనేజ్‌మెంట్ చదివేవాళ్లు పట్టించుకోవలసింది ఇలాంటి పొట్లాలనే.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ జన్యువులను కత్తిరించి అతికించే పద్ధతి కనిపెట్టారు. పేటెంటు తీసుకోవాలన్న ఆలోచన వాళ్లది కాదు. ఆ వార్తను పత్రికలో చూసిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ లైసెన్సింగ్ అధికారి నీల్స్ రైమర్స్ పట్టుబట్టి ఒప్పించాడు. ఆయన గొప్పతనం పేటెంటు తీయించడం కన్నా, తర్వాత చేసిన పనిలో ఉంది. ఒక్క కంపెనీకి కట్టబెట్టకుండా, ఏటా పది వేల డాలర్లు, అమ్మకాల మీద స్వల్ప శాతం రాయల్టీ చెల్లించే ఎవరికైనా ఇచ్చారు. పరిశోధన మాత్రమే చేసుకునే విశ్వవిద్యాలయాల దగ్గర ఏమీ తీసుకోలేదు. 468 కంపెనీలు లైసెన్సు తీసుకున్నాయి. 1997లో పేటెంటు ముగిసేనాటికి 25 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. గమనించండి, పత్తి జన్యువునూ చాలా కంపెనీలకే ఇచ్చారు. పంపకం తీరు రెండు చోట్లా ఒకటే. రేటు వేరు. అందుకే ఒకచోట పరిశ్రమ పుట్టింది, ఇంకోచోట వ్యాజ్యం పుట్టింది.

అలాగని అందరికీ పంచడమే ఎప్పుడూ మంచిదనుకోవద్దు. పనిముట్టు లాంటి పద్ధతిని అందరికీ ఇవ్వవచ్చు. మందు సంగతి వేరు. మనుషుల మీద పరీక్షలకు ఏళ్ల తరబడి డబ్బు పోయాలి, అదీ ఫలితం వస్తుందో రాదో తెలియకుండా. రేపు పక్కవాడూ అదే అమ్ముతాడంటే ఎవరూ పోయరు. బోయర్, రాబర్ట్ స్వాన్సన్ తలా 500 డాలర్లతో 1976లో స్థాపించిన జెనెన్‌టెక్, 1978లో ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో పనిచేయించింది. అమ్మే హక్కును మాత్రం పెద్ద మందుల కంపెనీ ఎలై లిల్లీకి ఇచ్చింది. 1982లో మందు బజారుకొచ్చింది. జెనెన్‌టెక్ వాటా రాయల్టీ. అప్పటికి వాళ్లకు ఫ్యాక్టరీ లేదు, అమ్మే మనుషులు లేరు, కాబట్టి అది తెలివైన బేరమే. 1985లో ఎదుగుదల హార్మోను వచ్చేసరికి సొంతంగా అమ్ముకున్నారు.

మన వాళ్ల సంగతికొస్తే, ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. హెపటైటిస్-బి టీకా టెక్నాలజీ కోసం విదేశీ కంపెనీని ఆశ్రయిస్తే ఎదురైన చులకన జవాబును ఆయనే వేదికల మీద చెప్పారు. బ్యాంకులు ముఖం చాటేస్తే పెట్టుబడి ఒమన్ నుంచి వచ్చింది. పద్ధతిని ఇక్కడే సొంతంగా తయారు చేసుకుని, 1997లో టీకాను విడుదల చేశారు. దిగుమతి టీకా వందల రూపాయలు పలుకుతుంటే దీన్ని 50 రూపాయలకు ఇచ్చారు. లైసెన్సు దొరికి ఉంటే ఆ ధర సాధ్యమయ్యేది కాదని నా నమ్మకం.

పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు వేసే టీకాది వేరే దారి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980లలో ఎం.కె. భాన్ బృందం పసికందుల నుంచి 116ఇ అనే రకం వైరస్‌ను వేరుచేసింది. భారత బయోటెక్నాలజీ విభాగం, అమెరికా సంస్థలు, గేట్స్ ఫౌండేషన్ డబ్బు పెట్టాయి. భారత్ బయోటెక్ తయారీని భుజానికెత్తుకుంది. మూడో దశ పరీక్షల ఫలితాలు రాకముందే డోసు ఒక డాలరుకు ఇస్తామని ప్రకటించింది. 2015లో విడుదలైంది. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో దాన్ని మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. ప్రజల డబ్బు ముందే పడితే ధర గురించి ముందే మాట్లాడవచ్చు. తర్వాత అడిగితే ఎవరు వింటారు?

ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, 2021–22లో నల్ల తామర పురుగు మన మిర్చిని ఊడ్చేసింది కదా. మీలో ఒకరు లాం వ్యవసాయ పరిశోధన ఫారం మట్టిలోనో, అమరావతి రోడ్డు పక్క చేనులోనో దాన్ని చంపే సూక్ష్మజీవిని పట్టారనుకుందాం. ప్రకృతిలో ఉన్న జీవికి మన చట్టం పేటెంటు ఇవ్వదు. దానితో చేసిన మందు తయారీ పద్ధతికి అవకాశం ఉంది. మన జీవసంపదను వాడుకుంటున్నందుకు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గర లెక్క తేల్చుకోవాలి. అమ్మాలంటే ఫరీదాబాద్‌లోని కేంద్ర పురుగుమందుల బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. బయోటెక్ ఆవిష్కరణలకు సాయపడే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు కింద 50 లక్షల దాకా రావచ్చు. అది నమూనా తయారీకి సరిపోతుంది, మార్కెట్‌కు చాలదు. అప్పుడు ఒక కంపెనీ వచ్చి పూర్తి హక్కులు అడుగుతుంది.

ఇవ్వండి, కానీ మిర్చికి మాత్రమే. పత్తి, వేరుశనగ మీ దగ్గరే ఉంచుకోండి. మూడేళ్లలో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయకపోతే హక్కు మీకే తిరిగి రావాలని రాయించండి. కొని అటకెక్కించే కంపెనీలు ఉంటాయి, వాళ్ల పాత మందు అమ్మకాలు బాగున్నంతకాలం మీ సీసా బయటికి రాదు. రాయల్టీని లీటరుకు ఇన్ని రూపాయలని కాకుండా అమ్మకం ధరలో శాతంగా అడగండి. ధర తగ్గితే మీ వాటా కూడా తగ్గాలి, లేకపోతే ఆ 1,250 రూపాయల కథే మళ్లీ. సంతకానికి ముందు ఆ కాగితాన్ని విత్తనాలు, మందులు అమ్మే దుకాణదారు ఒకరికి చూపించండి. వకీలు పట్టుకోలేని తిరకాసు ఆయన పట్టుకుంటాడు.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు వరుసలో చెయ్యి ఎత్తిన అమ్మాయితో మొదలుపెడదాం.