బ్యాంకు వాళ్లు ఇన్సూరెన్స్ తీశారులే అనుకుంటున్నారా?

నమస్తే అండీ. మొన్న విజయవాడ బీసెంట్ రోడ్డులో తెలిసిన రెడీమేడ్ షాపాయన ఒకరు పట్టుకుని, "షాపుకి ఇన్సూరెన్స్ తీసుకుందామనుకుంటున్నా, ఏ కంపెనీ మంచిది?" అని అడిగారు. కంపెనీ సంగతి తర్వాత, ఇప్పుడు లోపల సరుకు ఎంతుందండీ అన్నాను. "ఉంటుంది, ఓ పదో పదిహేనో" అన్నారు. లక్షలండీ. పదికీ పదిహేనుకీ మధ్య అయిదు లక్షలు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ అయిదు లక్షల గురించే.

ముందు మా బావ సంగతి చెబుతాను. చెప్పుకో, పేరు మాత్రం వద్దన్నాడు. సింగ్‌నగర్‌లో కిరాణా షాపు, కాస్త హోల్‌సేల్ కూడా. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి నీళ్లు కాలనీల్లోకి వచ్చిన రోజు విజయవాడలో ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, ఇటు బుడమేరుకు గండ్లు. బావా అక్కా పిల్లల్ని తీసుకుని మేడెక్కారు. షాపు కింద ఉండిపోయింది.

నీళ్లు తీశాక షట్టర్ ఎత్తడానికి నేనూ వెళ్లాను. ముందు వాసన కొట్టింది, తర్వాతే సరుకు కనపడింది. పెసల బస్తా ఉబ్బి కుట్లు తెగిపోయి, చీలిక లోంచి తెల్లటి మొలకలు బయటికొచ్చాయి. సర్ఫ్ కరిగి నేలంతా జారుడు. స్టాకు పుస్తకం ఒకటే అట్టలా అతుక్కుపోయింది. రెండు రోజులకు నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ గారు వచ్చారు. ప్యాంటు మడిచి, ఫోన్ లైటు వేసుకుని ఒక్కో బస్తా లెక్కపెట్టి, "కొన్న బిల్లులున్నాయా?" అన్నారు. జీఎస్టీ రిటర్నులు వేసే ఆడిటర్ గారి కంప్యూటర్లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాడు బావ. లేకపోతే ఆ అట్ట పుస్తకమే సాక్ష్యం.

ఇన్సూరెన్స్ ఉందా అంటే, ఉంది. బ్యాంకులో సీసీ లోను (సరుకు చూపించి వ్యాపారానికి తీసుకునే క్యాష్ క్రెడిట్) తీసుకున్నప్పుడు వాళ్లే పాలసీ చేయించారు, ఏటా అకౌంట్లోంచి ప్రీమియం కట్ అవుతూనే ఉంది. ఆ కాగితం బావ ఏనాడూ చూడలేదు. అప్పుడు తెప్పించి చూస్తే సరుకు విలువ 6 లక్షలని ఉంది. లోను తీసుకున్న నాటి లెక్క అది. వరద రోజున షాపులో ఉన్న సరుకు 12 లక్షలు. పాడైంది 5 లక్షలది. పై అరల్లోవి మిగిలాయి.

అయితే 5 లక్షలూ వస్తాయి కదా, 6 లక్షలకు పాలసీ ఉంది కదా అనుకున్నాడు బావ. నేనూ అలాగే అనుకున్నాను. కాదండీ. 12 లక్షల సరుకుకు 6 లక్షలకే ప్రీమియం కట్టావు, అంటే సగమే మాకు అప్పగించావు, మిగతా సగం నీ రిస్కు అంటుంది కంపెనీ. నష్టంలో కూడా సగమే ఇస్తుంది. యావరేజ్ క్లాజ్ అంటారు దాన్ని. 5 లక్షల నష్టానికి రెండున్నర లక్షలు, అందులోంచి మళ్లీ ఎక్సెస్ కింద, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన వాటా కింద, కొంత కోత.

బావకు పక్క వీధిలో గోడౌన్ ఉంది. అక్కడ 4 లక్షల సరుకు పోయింది. పాలసీలో ఆ అడ్రస్ లేదు. సున్నా. వచ్చిన డబ్బు కూడా లోన్ అకౌంట్లో జమ అయింది, ఎందుకంటే పాలసీలో మొదటి హక్కు బ్యాంకుది. బ్యాంకు తప్పేం చెయ్యలేదండీ. దాని అప్పుకి అది కాపలా పెట్టుకుంది. మన షాపుకి కాపలా మనం పెట్టుకోలేదు, అంతే. ప్రభుత్వం చిన్న షాపులకు ఇచ్చిన 25 వేల సాయం మేలే, కాదనను, కానీ దాంతో ర్యాకులు కూడా నిండవు.

సరే, ఏ పాలసీ? 2021 ఏప్రిల్ 1 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఒక ప్రామాణిక పాలసీ తెచ్చింది. పేరు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. పేరు చూసి ప్రభుత్వ పథకం, సబ్సిడీ అనుకోకండి, అలాంటిదేమీ లేదు. ఒక చోట ఉన్న ఆస్తి మొత్తం 5 కోట్ల లోపు ఉంటే ఇది. అంతకు మించి 50 కోట్ల దాకా భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా మూల షరతులు ఇవే. అందుకే "ఏ కంపెనీ?" అన్న ప్రశ్నను నేను వెనక్కి నెట్టాను. అగ్నిప్రమాదం, పిడుగు, తుఫాను, వరద, భూకంపం, అల్లర్లు ఇందులోనే వస్తాయి. విలువ 15 శాతం లోపు తక్కువ రాసుకున్నా యావరేజ్ కోత ఉండదు. బావది 50 శాతం తక్కువ, అందుకే దొరికిపోయాడు. ఇంకోటి, వరద లాంటిది జరిగాక దాని వల్ల ఏడు రోజుల లోపు దొంగతనం జరిగితే అదీ కవర్ అవుతుంది. మనుషులు మేడల మీద ఉండి, కింద షాపులు గాలికి వదిలేసిన ఆ వారం గుర్తు తెచ్చుకోండి.

మామూలు దొంగతనం మాత్రం ఇందులో లేదు. దానికి బర్గ్లరీ పాలసీ వేరే. అది కూడా తాళం పగలగొట్టో, గోడకు కన్నం వేసో లోపలికొస్తేనే. మన దగ్గర పనిచేసే కుర్రాడు గల్లాపెట్టెలోంచి తీస్తే బర్గ్లరీ కాదు, ఫిడెలిటీ గ్యారంటీ అని ఇంకోటి ఉంది. ఫ్రిజ్ షార్ట్ సర్క్యూట్ అయి అదొక్కటే కాలిపోతే పైన చెప్పిన ఫైర్ పాలసీ ఇవ్వదు. ఆ మంట పక్క ర్యాకుకు అంటుకుంటే ర్యాకుకు ఇస్తుంది. నవ్వొస్తుంది కానీ రూలు అదే.

ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డు నడిపేవాళ్లకు నా మాట వేరు. మీ షెడ్డులో ఉన్న సామాను కన్నా మీ దగ్గర పనిచేసే నలుగురు మనుషులు పెద్ద రిస్కు. పనిలో దెబ్బ తగిలితే చట్ట ప్రకారం పరిహారం యజమానే ఇవ్వాలి. ఈఎస్ఐ లేనివాళ్లకు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ ముందు తీసుకోండి, ఫైర్ పాలసీ తర్వాతైనా ఫరవాలేదు. థిన్నరు, పెయింటు నిల్వ ఉంటే దాచకుండా ప్రపోజల్‌లో, అంటే పాలసీకి ఇచ్చే దరఖాస్తులో, రాయండి. నాలుగు డబ్బులు మిగులుతాయని దాస్తే క్లెయిమ్ రోజున అదే మెడకు చుట్టుకుంటుంది.

గుంటూరులో మిర్చి వ్యాపారులకైతే అడ్రస్సే అసలు సమస్య. యార్డులో కొన్న టిక్కీలు (మిర్చి బస్తాలు) ఒక కోల్డ్ స్టోరేజీలో సగం, ఇంకోదాంట్లో సగం ఉంటాయి. స్టోరేజీ ఓనరుకు పాలసీ ఉందిలే అని వదిలెయ్యకండి. అది బిల్డింగుకా, లోపలి మీ సరుకుకు కూడానా, కాగితం చూపించమనండి. సరుకు చోట్లు మారుతూ ఉంటే ఫ్లోటర్, అంటే అన్ని చోట్లకూ కలిపి ఒకే పాలసీ, కావాలని అడగండి, చోట్లన్నీ అందులో రాయించండి. విజయవాడ వస్త్రలత మార్కెట్లో బట్టల హోల్‌సేల్ వాళ్లూ అంతే. ఆషాఢంలో ఉన్న స్టాకు చూసి పాలసీ రాయించుకుంటే దసరా ముందు నిండిన షాపుకి అది చాలదు.

విలువ లెక్క వేసేటప్పుడు సరుకు కొన్న ధరే వెయ్యండి, లాభం కలపకండి. అద్దె షాపైతే బిల్డింగు మీది కాదు, కానీ మీరు చేయించిన ర్యాకులు, ఫాల్ సీలింగ్, ఏసీ మీవే, అవి విడిగా రాయించండి.

బావ ఇప్పుడు ప్రతి నెలాఖరుకూ రెండు చోట్లా అరలన్నీ ఫోటోలు తీసి అక్క వాట్సాప్‌కి పంపుతున్నాడు. గోడౌన్ అడ్రస్ పాలసీలోకి ఎక్కింది.

ఆ రెడీమేడ్ షాపాయన రాత్రి ఫోన్ చేశారు. ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకుని లెక్క వేశారట. పదీ కాదు, పదిహేనూ కాదు, పద్దెనిమిదిన్నర. "పైగదిలో సంక్రాంతి స్టాకు ఉందన్న సంగతే మర్చిపోయానండీ" అన్నారు.