కిక్ తగిలినా పాయింట్ ఎందుకు పడదు? తైక్వాండో ఎలక్ట్రానిక్ హోగూ లోపలి సంగతి

[దృశ్యం: స్లో మోషన్‌లో నీలం హోగూకి తగిలిన పాదం. స్కోర్‌బోర్డు కదలదు.]

చప్పుడు హాలంతా వినిపించింది. కోచ్ చెయ్యెత్తాడు. బోర్డు మీద అంకె మాత్రం మారలేదు. మిషన్ చెడిపోయిందని తేల్చే ముందు, అది అసలు దేన్ని లెక్కపెడుతుందో చూద్దాం.

[దృశ్యం: తిరగేసిన హోగూ, పక్కన సాక్స్.]

హోగూ అంటే ఛాతీకి, పొట్టకి, పక్కలకి కట్టే కవచం. దాని లోపల దెబ్బ బలాన్ని కొలిచే సెన్సర్లు, అయస్కాంతాన్ని పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. ఆ అయస్కాంతాలు ఆటగాడి సాక్స్‌లో కుట్టి ఉంటాయి. పాదం దగ్గరికొచ్చిందా, దెబ్బ చాలినంత గట్టిదా? రెండూ ఒకేసారి కుదిరితేనే ట్రాన్స్‌మిటర్ గాలిలో సంకేతం పంపుతుంది, 2 పాయింట్లు పడతాయి.

[దృశ్యం: మోకాలితో హోగూని కొట్టడం.]

ఇక్కడ చూడండి. మోకాలి దెబ్బ బలంగానే ఉంది, కానీ అక్కడ అయస్కాంతం లేదు కాబట్టి పాయింట్ లేదు. ఇప్పుడు సాక్స్ వేసుకున్న పాదాన్ని మెల్లగా ఆనిద్దాం. అయస్కాంతం తెలిసింది, బలం చాలలేదు. మళ్లీ సున్నా.

ఎంత బలం చాలు అన్నది అందరికీ ఒకటి కాదు. బరువు విభాగాన్ని బట్టి, పురుషులా మహిళలా అన్నదాన్ని బట్టి హద్దు మారుతుంది. కంప్యూటర్ దగ్గర కూర్చున్నవారు గత మ్యాచ్ విభాగాన్ని మార్చడం మరిచిపోతే, తేలిక విభాగం పిల్లలు ఎంత తన్నినా అంకె కదలదు.

ఇక అసలు తప్పులు. ఎక్కువగా ఎలక్ట్రానిక్స్‌లో ఉండవు, కట్టుకోవడంలో ఉంటాయి. హోగూ ఒక సైజు పెద్దదైతే ఒంటికీ దానికీ మధ్య ఖాళీ మిగులుతుంది. తన్నగానే కవచం లోపలికి ఊగుతుంది, బలంలో కొంత ఆ ఊపులోనే పోతుంది. వెనక తాళ్లు రెండో మనిషి లాగి కట్టాలి. ఊపిరి ఆడాలి, పక్కకి జారకూడదు.

సాక్స్ ఇంకా మోసం చేస్తాయి. చెమటకి తడిసి, సాగి, పాదం చుట్టూ తిరిగిపోతాయి. పాదం పైభాగాన ఉండాల్సిన అయస్కాంతం పక్కకి చేరుతుంది. అప్పుడు చక్కటి రౌండ్‌హౌస్ కిక్ (కాలిని పక్కనుంచి తిప్పి పాదం పైభాగంతో తన్నేది) కూడా హోగూకి కనబడదు. ప్రతి రౌండ్ మధ్య విరామంలో నీళ్ల కంటే ముందు సాక్స్ సరిచేయండి.

[దృశ్యం: మూలల్లో కూర్చున్న జడ్జిల చేతుల్లో బటన్లు.]

మిషన్ అన్నీ చేయదు. పంచ్‌కి 1 పాయింట్, అది జడ్జిలే ఇవ్వాలి. ఒంటిని గిర్రున తిప్పి తన్నినప్పుడు హోగూ 2 ఇస్తుంది, అలా తిరిగినందుకు అదనపు 2 జడ్జిల బటన్ల నుంచి వస్తుంది. తలకి తన్నితే 3, గిర్రున తిరిగి తలకి తన్నితే 5.

తల విషయం చాలాకాలం కళ్ల మీదే నడిచింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కి చెందిన సారా స్టీవెన్సన్ తలకి తన్నిన కిక్‌కి పాయింట్లు పడలేదు. అభ్యంతరం చెప్పాక ఫలితమే తిరగబడింది. 2012 లండన్‌లో ఎలక్ట్రానిక్ హోగూ ఒలింపిక్స్‌కి వచ్చింది, 2016 రియోలో సెన్సర్ల హెడ్‌గేర్ వచ్చింది.

మిషన్ వచ్చాక ఆట కూడా మారింది. ఒకరినొకరు ఆనుకుని నిలబడి, మోకాలు వంచి, పాదాన్ని పక్కనుంచి హోగూకి తాకించే కిక్‌లు పుట్టుకొచ్చాయి. చూడ్డానికి తన్నులా ఉండదు, సెన్సర్‌కి మాత్రం చాలు. ఇది మాకు నచ్చని మార్పు. ఇలాంటివి ఆపడానికే నియమాలు పదేపదే సవరిస్తున్నారు.

[దృశ్యం: మ్యాచ్ ముందు పరీక్ష.]

మ్యాచ్‌కి ముందు ఈ వరుసలో చూడండి. ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ. నీలం హోగూని తన్నితే పాయింట్ ఎరుపు వైపే పడుతోందా? హోగూ మధ్యలో, రెండు పక్కలా ఒక్కో కిక్. రెండు పాదాలతోనూ. చివరగా హెడ్‌గేర్.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, తలకి తగిలిన కిక్ మీద కోచ్ కార్డు ఎత్తి వీడియో రివ్యూ అడగవచ్చు. హోగూ మీద పడని పాయింట్‌కి ఆ దారి లేదు.