ఎవరి వంద?

అక్క: రికార్డవుతోందా?

తమ్ముడు: ఎర్ర లైటు వెలుగుతోంది.

అక్క: పోయినసారి కూడా వెలిగింది.

తమ్ముడు: ఆ సంగతి ఎత్తనని మాటిచ్చావు.

అక్క: ఎత్తలేదే! లైటు గురించి మాట్లాడానంతే.

తమ్ముడు: సరే, అందరికీ నమస్కారం. ఈ వారం విషయం సెగ్మెంటెడ్ బార్ చార్టు. స్కూల్లో కమ్మీ చిత్రం అని చదువుకున్నాం కదా, ఆ కమ్మీనే ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ ఒక్కో రంగు వేస్తే ఇది. ఎలా గీయాలి, ఎలా చదవాలి, ఎక్కడ బోల్తా పడతాం. ఈ మూడూ చెప్పేసి అరగంటలో లేచిపోతాం.

అక్క: అరగంటట! వినేవాళ్ళు నవ్వుకుంటున్నారు.

తమ్ముడు: మన శ్రోత స్కేలు మాస్టారైతే ఈపాటికి ఉత్తరం రాయడం మొదలెట్టేసుంటారు.

[నవ్వులు]

అక్క: ముందు అసలు ఏ డేటాకి ఇది పనికొస్తుందో చెప్పు.

తమ్ముడు: వర్గాల డేటాకి. అంటే కొలిచేది కాదు, ఏ గంపలో పడిందో చెప్పేది. ఎత్తు, బరువు లాంటివి కాదు. అవును, కాదు, తెలియదు. లేదంటే బ్లడ్ గ్రూపు. వీటికి సగటు తీయలేం. ఓ, ఏ, బీ కలిపి భాగిస్తే ఏమొస్తుంది? ఏ గంపలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి, అంతే. ఒక్క ప్రశ్నే ఉంటే మామూలు కమ్మీ చాలు. రెండు ప్రశ్నలు ఒకదానికొకటి ముడిపడ్డప్పుడే ముక్కలు కోయాల్సిన పని. ఈ రకం వాళ్ళలో ఆ జవాబిచ్చినవాళ్ళు ఎంతమంది అని.

అక్క: బాగా చెప్పావు. ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

తమ్ముడు: ఇంకా టైటానిక్ ఉంది. నిన్న రాత్రి కూర్చుని గీశాను. 1912లో మునిగిన ఓడ, 2201 మంది. విచారణ నివేదికలోని అంకెలతో కూర్చిన పట్టిక ఇది, స్టాటిస్టిక్స్ క్లాసుల్లో అరిగిపోయిన ఉదాహరణ. వేరే జాబితాల్లో కొంతమంది అటూ ఇటూ అవుతారు కానీ మనకి ఇది చాలు. మొదటి తరగతిలో 325 మంది ఉంటే 203 మంది బతికారు. రెండో తరగతిలో 285కి 118. మూడో తరగతిలో 706కి 178. ఓడ సిబ్బంది 885 మంది, బతికింది 212.

అక్క: బొమ్మ ఏది? చూపించు.

తమ్ముడు: ఇదిగో. రెండు కమ్మీలు. ఒకటి బతికినవాళ్ళది, ఇంకోటి పోయినవాళ్ళది. ఒక్కో దాంట్లో నాలుగు రంగులు.

అక్క: ఎవరి వంద?

తమ్ముడు: మొదలెట్టావా!

అక్క: మొదలెట్టక? రెండు కమ్మీలూ ఒకే ఎత్తుకి లాగి పైన వంద శాతం అని రాశావు. ఆ వంద ఎవరిది?

తమ్ముడు: మొదటి కమ్మీలో బతికిన 711 మందిది. అందులో సిబ్బంది 30 శాతం, మొదటి తరగతి 29, మూడో తరగతి 25, రెండో తరగతి 17.

అక్క: పైన హెడ్డింగ్ కూడా చదువు. సిగ్గుపడకుండా చదువు.

తమ్ముడు: "బతికి బయటపడ్డవాళ్ళలో సిబ్బందే ఎక్కువ."

అక్క: ఇది చూసినవాడు ఏమనుకుంటాడు? ఓడ నడిపేవాళ్ళు ప్రయాణికుల్ని వదిలేసి పడవలెక్కి పారిపోయారు అనుకుంటాడు.

తమ్ముడు: అంకె తప్పా మరి?

అక్క: అంకె తప్పని నేనన్నానా? సిబ్బంది ముక్క పెద్దదవడానికి కారణం వాళ్ళు 885 మంది ఉండటం. గుంపు పెద్దదైతే ఎక్కడ చూసినా వాళ్ళ ముక్కే పెద్దది. పోయినవాళ్ళ కమ్మీలో చూడు.

తమ్ముడు: అక్కడా సిబ్బందే. 1490లో 673 మంది. 45 శాతం.

అక్క: చూశావా? బతికినవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ, పోయినవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ. దీన్నిబట్టి తేలిందేంటి? వాళ్ళు ఎక్కువమంది అని. అదే నాలుగు గుంపులకి నాలుగు కమ్మీలు గీసి, ఒక్కోదాన్నీ బతికినవాళ్ళు, పోయినవాళ్ళు అని రెండుగా కోస్తే సిబ్బందిలో బతికింది 24 శాతమే. నాలుగు గుంపుల్లోకీ అదే తక్కువ. పట్టిక ఒకటే, హెడ్డింగ్ తలకిందులు.

తమ్ముడు: అంటే నా బొమ్మ తప్పంటావు.

అక్క: తప్పే. మనిషి ముందు టికెట్టు కొన్నాడు, ఆ తర్వాత ఓడ మునిగింది. ముందున్నదానికి కమ్మీ, తర్వాత జరిగినదానికి ముక్కలు. పిల్లలకి నేను చెప్పేది అదే.

తమ్ముడు: ఇరవై ఏళ్ళుగా చెబుతున్నావు కాబట్టి అది శాసనమైపోదు కదా.

అక్క: శాసనమని ఎవరన్నారు?

తమ్ముడు: "తప్పే" అన్నావుగా! నేనిప్పుడు కార్పేథియా ఓడ మీద ఉన్నాననుకో. పడవల్లోవాళ్ళని పైకి లాగిన ఓడ అది. నాకు దుప్పట్లు పంచే పని అప్పజెప్పారు. నా ముందు 711 మంది కూర్చున్నారు. వీళ్ళలో ఎవరెంతమంది అన్నదే నా ప్రశ్న. మునగకముందు ఏ తరగతిలో ఎంతమంది ఉంటే నాకెందుకు? నాకు నా బొమ్మే కావాలి, నీది పనికిరాదు.

అక్క: ...

తమ్ముడు: ఏంటి, పలకవే?

అక్క: ఆలోచిస్తున్నాను, ఉండు.

తమ్ముడు: ఎడిటర్ గారూ, ఈ నిశ్శబ్దాన్ని కత్తిరించకండి దయచేసి.

అక్క: సరే, దుప్పట్లు పంచేవాడికి నీ బొమ్మే. ఒప్పుకున్నాను. కానీ నువ్వు హెడ్డింగ్ పెట్టింది దుప్పట్లు పంచేవాడి కోసం కాదు. ఎవరు బతికారు, ఎందుకు బతికారు అని చూసేవాడి కోసం.

తమ్ముడు: సగం గెలిచాను.

అక్క: సగమేంటి, ఎవరి సగం?

[నవ్వులు]

తమ్ముడు: నీ లెక్కనే పోదాం. నాలుగు కమ్మీలు. 62, 41, 25, 24. అంటే సిబ్బంది కంటే మూడో తరగతివాళ్ళే కాస్త నయం. ఇందులో పేచీ లేదుగా?

అక్క: ఉంది.

తమ్ముడు: అబ్బా!

అక్క: ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ విడదీసి చూడు. పట్టికలో ఉంది. మూడో తరగతి ఆడవాళ్ళు?

తమ్ముడు: పిల్లల్ని కూడా కలిపేనా? 196 మందిలో 90. అంటే 46 శాతం.

అక్క: సిబ్బందిలో ఆడవాళ్ళు?

తమ్ముడు: 23 మందిలో 20. ఓహో, 87 శాతం. సరే, ఆడవాళ్ళలో సిబ్బందే మెరుగు. అంటే మగవాళ్ళలో మూడో తరగతి మెరుగై ఉండాలి, లేకపోతే మొత్తంలో వాళ్ళు ముందుండటం కుదరదు.

అక్క: లెక్క చెయ్యి.

తమ్ముడు: మూడో తరగతి మగవాళ్ళు 510, బతికింది 88. పదిహేడు చిల్లర. సిబ్బంది మగవాళ్ళు 862, బతికింది 192. ఇరవై... ఆగు. 22 శాతం.

అక్క: ఊఁ.

తమ్ముడు: ఎక్కడో తప్పు కొట్టాను. మళ్ళీ చేస్తా. 192 బై 862. 22 పాయింట్ 3. 88 బై 510. 17 పాయింట్ 3. ఇదెలా? ఆడవాళ్ళలోనూ సిబ్బందే ముందు, మగవాళ్ళలోనూ సిబ్బందే ముందు. రెండూ కలిపితే వెనకా?

అక్క: కలిపితే వెనకే.

తమ్ముడు: లేదక్కా, ఇలా ఉండదు. రెండు గదుల్లోనూ గెలిచి ఇల్లంతా ఓడిపోవడమేంటి?

అక్క: గదుల సైజు చూశావా? ఆ రోజు పడవల్లోకి ఆడవాళ్ళనీ పిల్లల్నీ ముందు ఎక్కించారు. ఆడవాళ్ళయితే బతికే అవకాశం ఎక్కడైనా ఎక్కువే. మూడో తరగతిలో 706 మందికి 196 మంది ఆడవాళ్ళు, నాలుగో వంతు పైనే. సిబ్బందిలో 885 మందికి 23 మంది. ఆ 87 శాతం 23 మందిదే కాబట్టి మొత్తాన్ని పైకి లాగే బలం దానికి లేదు. సిబ్బంది సగటంతా మగవాళ్ళ సగటే.

తమ్ముడు: మరి ఆ నాలుగు కమ్మీల చార్టు అబద్ధమా?

అక్క: అబద్ధం కాదు, ఆడా మగా అన్న మూడో విషయాన్ని లోపల దాచుకుంది. దీన్ని సింప్సన్స్ పారడాక్స్ అంటారు. స్టాటిస్టిక్స్ చేసే ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో రాశాడు. అంతకు ముందే 1903లో యూల్ అనే ఇంకో స్టాటిస్టిక్స్ ఆయన ఇదే గమనించాడు, కానీ పేరు సింప్సన్‌కి దక్కింది.

తమ్ముడు: పాపం యూల్.

అక్క: ఇప్పుడు మూడో తరగతి ఆడవాళ్ళు, మగవాళ్ళు, సిబ్బంది ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఈ నాలుగు గుంపుల్నీ నాలుగు కమ్మీలుగా పక్కపక్కన ఊహించుకో. అన్నీ ఒకే ఎత్తు. 23 మంది కమ్మీ, 862 మంది కమ్మీ ఒకే పొడవు, ఒకే లావు. కన్ను రెంటినీ ఒకే బరువుతో చూస్తుంది. అందుకే అడుగుతాను, ఎవరి వంద, ఎంతమంది వంద అని.

తమ్ముడు: ఇప్పుడు నా ఆఫీసు కథ చెప్పేస్తావు.

అక్క: నువ్వే చెప్పు. నేను చెబితే నువ్వు వేసిన ఆరంజి రంగు దాకా వెళుతుంది.

తమ్ముడు: ఆరంజి వద్దు. పాత ఆఫీసులో, పేరొద్దు, ఉద్యోగుల సర్వే చార్టు నేనే గీశాను. టీముకో కమ్మీ, అన్నీ వంద శాతానికి సాగదీసి. ఒక టీములో సంతృప్తి 75 శాతం, మిగతా అందరికంటే ఎక్కువ. మీటింగులో ఆ టీము లీడరుని నిలబెట్టి చప్పట్లు కొట్టించారు, మిగతావాళ్ళు ఆయన దగ్గర నేర్చుకోవాలన్నారు. ఆ టీములో మొత్తం ఎనిమిది మంది. ఇద్దరు మనసు మార్చుకుంటే 50 శాతానికి పడిపోయేవాడు. నాకు తెలుసు, చివరి వరసలో కూర్చుని నోరు మూసుకున్నాను.

అక్క: కమ్మీ కింద చిన్న అక్షరాల్లో "8 మంది" అని రాసుంటే సరిపోయేది.

తమ్ముడు: డిజైన్ పాడవుతుందన్నారు.

అక్క: అది రాస్తే పాడయ్యే డిజైనా! సరే, దీనికింకో దారి ఉంది. మొజాయిక్ ప్లాట్. గుంపు ఎంత పెద్దదో కమ్మీ అంత లావుగా గీస్తారు. 1981లో హార్టిగన్, క్లైనర్ ప్రతిపాదించారు. అందులో 23 మంది గీతలా సన్నగా, 862 మంది గోడలా కనిపిస్తారు. చూడగానే తెలిసిపోతుంది.

తమ్ముడు: అందమైన బొమ్మే కానీ నాలుగు రంగులు దాటితే గళ్ళ దుప్పటే.

అక్క: నీకు దుప్పట్ల మీదే ధ్యాస.

[నవ్వులు]

తమ్ముడు: అక్కా, పట్టికలో పిల్లల వరస కూడా ఉంది. మూడో తరగతి పిల్లలు 79 మంది.

అక్క: తెలుసు.

తమ్ముడు: 27 మంది బతికారు. అంటే 52 మంది...

అక్క: ఊఁ. నేను క్లాసులో ఆ వరసకి కమ్మీ గీయించను. పట్టికలోనే చదవమంటాను. నాకెందుకో దాన్ని శాతం చెయ్యాలనిపించదు.

తమ్ముడు: ...

అక్క: ఏదో ఒకటి మాట్లాడు.

తమ్ముడు: ఎలా గీయాలో చెప్పనేలేదు మనం. అసలు విషయం అదే.

అక్క: రెండు నిమిషాల్లో చెప్పెయ్యి.

తమ్ముడు: ముక్కల వరస అన్ని కమ్మీల్లోనూ ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో "అవును" కింద, ఇంకోదాంట్లో పైన ఉంటే చదివేవాడు తిట్టుకుంటాడు. ముక్కలు మూడు, నాలుగు, మహా అయితే ఐదు. "బాగాలేదు" నుంచి "చాలా బాగుంది" దాకా వరస ఉన్న జవాబులైతే ఒకే రంగుని లేత నుంచి ముదురుకి తీసుకెళ్ళాలి. ఎరుపు ఆకుపచ్చ పక్కపక్కన వద్దు, రంగులు తేడా తెలియనివాళ్ళుంటారు. పేర్లు పొడుగ్గా ఉంటే కమ్మీల్ని అడ్డంగా పడుకోబెట్టు.

అక్క: మధ్య ముక్క గురించి?

తమ్ముడు: అదీ ఉంది. అడుగు ముక్క నేల మీద నిలబడుతుంది, పై ముక్క కప్పుకి తగులుతుంది. ఆ రెంటినీ కమ్మీకీ కమ్మీకీ పోల్చడం తేలిక. మధ్యలోవి గాలిలో తేలుతుంటాయి. ఒకదాంట్లో 20 నుంచి 45 దాకా, పక్కదాంట్లో 38 నుంచి 60 దాకా. ఏది పొడుగు?

అక్క: రెండోది పైకుంది కాబట్టి పొడుగనిపిస్తుంది. మొదటిది 25, రెండోది 22.

తమ్ముడు: అందరూ అలాగే పడతారు. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే పరిశోధకులు మనుషుల చేత చార్టులు చదివించి ఇదే చూశారు. ఒకే గీత మీద ఉన్నవాటిని పోల్చేటప్పుడు తప్పులు తక్కువ, తేలే పొడవుల్ని పోల్చేటప్పుడు ఎక్కువ. అందుకని నువ్వు చూపించదలచుకున్న ముక్కని నేల మీద పెట్టు. అంతే, అయిపోయింది. వృత్త చిత్రం గురించి ఒక్క మాట...

అక్క: వద్దు. వృత్తం ఎత్తితే రాత్రయిపోతుంది.

తమ్ముడు: వృత్తంలో కనీసం వంద ఎవరిదని అడగక్కర్లేదు.

అక్క: ఎందుకక్కర్లేదు? రెండు వృత్తాలు పక్కపక్కన పెట్టి చూడు, ఎవరి...

తమ్ముడు: అక్కా, ఒక్క నిమిషం. రెండో తరగతి మగవాళ్ళు చూశావా? పెద్దవాళ్ళు 168 మందిలో 14.

అక్క: పద్నాలుగా? నాలుగు పక్కన ఇంకో అంకె ఉండాలి, సరిగ్గా చూడు.

తమ్ముడు: పద్నాలుగే. 8 శాతం. మూడో తరగతిలో పెద్దవాళ్ళు 462లో 75, అంటే 16. రెండో తరగతి టికెట్టు కొని మూడో తరగతిలో సగమా?

అక్క: పిల్లల్ని తీసేశావా రెండు చోట్లా?

తమ్ముడు: తీసేశాను. మగవాళ్ళే, పెద్దవాళ్ళే.

అక్క: ఇటివ్వు ఆ కాగితం. ఇన్నేళ్ళుగా ఈ పట్టిక చెబుతున్నాను, రెండో తరగతి మగవాళ్ళని ఎప్పుడూ విడిగా చూడలేదు. ఉండు, సిబ్బంది మగవాళ్ళు 22 అన్నావు కదా...

తమ్ముడు: అక్కా, ఆ ఎర్ర లైటు ఎప్పుడారింది?