హక్కు అనే బాకీ

శ్రోతలకు నమస్కారం.

మనం రోజూ వాడే 'హక్కు' అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. పారశీకం, ఉర్దూల మీదుగా నడిచి తెలుగులో ఎంతగా కలిసిపోయిందంటే, ఓటు హక్కు అన్నా ఆస్తి హక్కు అన్నా అది బయటి నుంచి వచ్చిన మాట అని ఎవరికీ తట్టదు. అరబ్బీలో దాని రూపం 'హఖ్'. సత్యాన్ని హఖ్ అంటారు. ఒకరికి న్యాయంగా చెందవలసినదాన్నీ హఖ్ అంటారు. ఇస్లాంలో దేవుడికి ఉన్న నామాల్లో 'అల్ హఖ్' ఒకటి.

తెలుగులో హక్కు అనగానే మన మనసుకు 'నాకు రావలసినది' అనే తోస్తుంది. ఖుర్ఆన్ భాషలో, ప్రవక్త మాటలనూ చేతలనూ చెప్పే హదీసుల భాషలో ఆ మాట ఎక్కువగా రెండో వైపు నుంచి వినిపిస్తుంది. పొరుగువాడికి నీ మీద హఖ్ ఉంది, భార్యకు నీ మీద హఖ్ ఉంది, చివరికి నీ శరీరానికి కూడా నీ మీద హఖ్ ఉంది అంటారు. అంటే, అది మనం చెల్లించవలసిన బాకీ. ఈవేళ నేను మాట్లాడబోయేదంతా ఈ బాకీ గురించే.

ఇస్లామీయ ధర్మశాస్త్రం మనిషి బాకీలను రెండు ఖాతాల్లో రాస్తుంది. నమాజు, ఉపవాసం లాంటివి దేవుడికి చెల్లించవలసినవి. వాటిని హుఖూఖుల్లాహ్ అంటారు. తోటి మనుషులకు చెల్లించవలసినవి హుఖూఖుల్ ఇబాద్, అంటే దేవుడి దాసులైన మనుషుల హక్కులు. మొదటి ఖాతాలో లోటు వస్తే పశ్చాత్తాపపడి వేడుకున్నవాణ్ణి దేవుడు క్షమిస్తాడు. రెండో ఖాతా అలా తీరదు. ఒకడి సొమ్ము తిన్నవాడు రాత్రంతా సజ్దాలో, అంటే నుదురు నేలకు ఆనించి పడి ఏడ్చినా చాలదు. ఆ సొమ్ము తిరిగి ఇవ్వాలి, లేదా నష్టపోయిన మనిషే మాఫీ చేయాలి.

ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ తన సహచరులను, "దివాలా తీసినవాడు ఎవరో మీకు తెలుసా?" అని అడిగారు. చేతిలో దిర్హము, ఇంట్లో సామాను లేనివాడు అని వాళ్లు చెప్పారు. అప్పుడు ఆయన వివరించారు. దివాలా తీసినవాడు ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, పేదలకు విధిగా ఇచ్చే జకాత్ అన్నీ వెంటబెట్టుకుని వస్తాడట. కానీ బతికినన్నాళ్లూ ఒకణ్ణి తిట్టి ఉంటాడు, ఒకరి మీద నింద వేసి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, ఒకరి నెత్తురు చిందించి ఉంటాడు. వాళ్లందరికీ ఇతని పుణ్యం పంచిపెడతారు. బాకీలు తీరకముందే పుణ్యం అయిపోతే, వాళ్ల పాపాలు తీసి ఇతని నెత్తిన వేస్తారు.

ఈ హదీసు ఎన్నిసార్లు చదివినా నాకు గుండెలో దడ పుడుతుంది. నమాజు చేసేవాడికి ఇంతకంటే పెద్ద టెన్షన్ ఇంకేం కావాలి? పైగా ఈ లెక్క ముస్లింల మధ్య వరకే పరిమితం కాదు. ఒప్పందంతో మన మధ్య బతుకుతున్న అన్యమతస్థుడికి ఎవరైనా అన్యాయం చేస్తే, ప్రళయదినాన అతని తరఫున తానే వాదిస్తానని ప్రవక్త హెచ్చరించారు.

పేదవాడి విషయంలోనూ ఖుర్ఆన్ ఈ మాటనే వాడింది. దైవభీతి గలవారి సంపదలో అడిగేవాడికీ, లేమిలో ఉన్నవాడికీ 'హఖ్' ఉంది అని చెప్పింది. జకాత్ పేరుతో ఏటా నూటికి రెండున్నర ఇచ్చే మనిషి దాత కాడన్నమాట. అతని దగ్గర ఉండిపోయిన వేరొకరి సొమ్మును అతను అప్పగిస్తున్నాడు. తీసుకునేవాడు తల వంచుకోవలసిన పనే లేదు. కూలివాడి చెమట ఆరకముందే కూలి చేతిలో పెట్టమన్న మాట కూడా ఈ వరసలోదే.

ఇప్పుడొక పాత సంగతి చెబుతాను. ముహమ్మద్ ఇంకా ప్రవక్త కాకముందు, ఇరవై ఏళ్ల వయసులో జరిగింది ఇది. యెమెన్ ప్రాంతపు వర్తకుడొకడు సరుకుతో మక్కాకు వచ్చాడు. ఆస్ బిన్ వాయిల్ అనే పెద్దమనిషి ఆ సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టాడు. ఆ వర్తకుడికి మక్కాలో తెగ లేదు, చుట్టాలు లేరు, అండగా నిలిచేవాళ్లు లేరు. అతను అబూ ఖుబైస్ కొండ ఎక్కి, కాబా చుట్టూ కూర్చున్న మక్కావాసులైన ఖురైష్ తెగ పెద్దలకు వినపడేలా తన గోడు అరిచి చెప్పాడు. కొన్ని తెగలవాళ్లకు సిగ్గు అనిపించింది. అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమై ప్రమాణం చేశారు. మక్కాలో అన్యాయానికి గురైనవాడు ఊరివాడైనా పరాయివాడైనా అతని హక్కు అతనికి చేరేదాకా అందరం ఒక్కటిగా నిలబడతాం అన్నారు. వర్తకుడి సరుకు అతనికి తిరిగి ఇప్పించారు. ఆ ప్రమాణాన్ని హిల్ఫుల్ ఫుదూల్ అంటారు. ఆ ఇంట్లో ముహమ్మద్ కూడా ఉన్నారు.

అప్పటికి ఖుర్ఆన్ అవతరించలేదు. ఆ గదిలో ఉన్నవాళ్లంతా విగ్రహారాధకుల తెగలవాళ్లే. అయినా ప్రవక్త అయిన చాలా ఏళ్ల తర్వాత ఆయన ఆ రోజును తలుచుకున్నారు. ఎంతో విలువైన ఎర్ర ఒంటెల మందలు ఇస్తామన్నా ఆ ప్రమాణాన్ని వదులుకోను, ఇస్లాం వచ్చాక కూడా అలాంటిదానికి నన్ను పిలిస్తే వెళతాను అన్నారు. అన్యమతస్థులతో, మతం లేనివాళ్లతో కలిసి మానవ హక్కుల కోసం పనిచేయవచ్చా అని నన్ను అడిగే యువకులకు నేను ఎప్పుడూ ఈ సంగతే చెబుతాను.

క్రీ.శ. 632లో అరఫాత్ మైదానంలో ఆయన చేసిన ఆఖరి హజ్ ప్రసంగం గురించి మీలో చాలామంది వినే ఉంటారు. మీ ప్రాణాలు, మీ ధనం, మీ గౌరవం ఈ పవిత్రమైన రోజంత పవిత్రమైనవి అన్నారు. అరబ్బుకు అరబ్బేతరుడి మీద గానీ, తెల్లవాడికి నల్లవాడి మీద గానీ దైవభీతిలో తప్ప ఏ ఆధిక్యమూ లేదన్నారు. అందరూ చెప్పుకునే ఈ మాటలకంటే అందులోని ఇంకో వివరం నా మనసును ఎక్కువగా పట్టుకుంది. ఆ రోజు ఆయన పాత వడ్డీలన్నీ రద్దు చేస్తూ, మొట్టమొదట సొంత బాబాయి అబ్బాస్‌కు రావలసిన వడ్డీని కొట్టేశారు. పాత హత్యల పగలు రద్దు చేస్తూ, మొదట తన సొంత వంశానికి రావలసిన నెత్తుటి పగను మాఫీ చేశారు.

ఈ సొంతింటి నుంచి మొదలుపెట్టడం అనే పద్ధతిని మేము, అంటే ముస్లిం సమాజాలు, ఎంతవరకు నిలబెట్టుకున్నాం? నిజాయితీగా చెప్పాలంటే చాలా చోట్ల నిలబెట్టుకోలేదు. "న్యాయం కోసం గట్టిగా నిలబడండి, ఆ సాక్ష్యం మీకే వ్యతిరేకమైనా, మీ తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా సరే" అని ఖుర్ఆన్ ఆజ్ఞ. కాబట్టి ఈ సంగతి దాచిపెట్టి మాట్లాడడం నాకు చేతకాదు. ఖుర్ఆన్‌లో మొదట అవతరించిన మాట 'చదువు' అయితే, 2021లో తాలిబన్లు తిరిగి అధికారంలోకి వచ్చాక అఫ్గానిస్తాన్‌లో ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి తలుపులు మూసేశారు. మరుసటి ఏడాది విశ్వవిద్యాలయాలూ మూసేశారు. అప్పుడు కైరోలోని అల్ అజ్‌హర్ పెద్ద ఇమాం అహ్మద్ అల్ తయ్యిబ్, ఈ నిషేధం షరీఅత్‌కే విరుద్ధం అని బహిరంగంగా చెప్పారు. పారిస్‌లో 1948 డిసెంబరు 10న విశ్వ మానవ హక్కుల ప్రకటన ఓటింగుకు వచ్చినప్పుడు 48 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, 8 తటస్థంగా ఉండిపోయాయి. మతం మార్చుకునే స్వేచ్ఛ, వివాహంలో సమానత్వం గురించిన మాటల మీద అభ్యంతరంతో సౌదీ అరేబియా తటస్థంగా ఉంది. పాకిస్తాన్ తరఫున జఫరుల్లా ఖాన్, నమ్మాలనుకున్నవాడు నమ్మవచ్చు, వద్దనుకున్నవాడు నిరాకరించవచ్చు అనే ఖుర్ఆన్ వాక్యాన్నే ఆధారం చేసుకుని ఆ స్వేచ్ఛను సమర్థించారు. ఈజిప్టు, ఇరాన్, ఇరాక్, సిరియా, టర్కీ కూడా అనుకూలంగా ఓటేశాయి. ధర్మంలో బలవంతం లేదని చెప్పిన గ్రంథాన్ని నేను జఫరుల్లా ఖాన్ చదివినట్టే చదువుతాను.

ఆ ప్రకటనకు ఎనభై ఎనిమిదేళ్ల ముందు, 1860 జూలైలో డమాస్కస్ నగరంలో అల్లరి మూకలు క్రైస్తవుల పేటల మీద పడ్డాయి. అప్పుడు ఆ ఊళ్లో అమీర్ అబ్దుల్ ఖాదిర్ ఉంటున్నారు. అల్జీరియాను ఆక్రమించిన ఫ్రాన్సుతో పదిహేనేళ్లు యుద్ధం చేసిన మనిషి ఆయన. లొంగిపోతే తూర్పు దేశాలకు వెళ్లనిస్తామని మాటిచ్చి, ఫ్రాన్సు ఆ మాట తప్పి ఆయన్ని ఏళ్ల తరబడి ఖైదులో పెట్టింది. ఆయనకు క్రైస్తవుల మీద కోపం ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ ఆయన తన అల్జీరియా అనుచరులతో వీధుల్లోకి వెళ్లి, దొరికినవాళ్లందరినీ వెంటబెట్టుకుని తన ఇంటికి తెచ్చారు. అలా వేలమంది బతికారు. వాళ్లలో ఫ్రాన్సు కాన్సులేటువాళ్లు కూడా ఉన్నారు. తర్వాత 1862లో అల్జీర్స్ బిషప్‌కు రాసిన ఉత్తరంలో, తాము చేసినది ఇస్లాం ధర్మానికి కట్టుబడి, మానవత్వపు హక్కులను గౌరవించి చేసినదేనని ఆయన రాశారు. ఒక జాతి మీద ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదు అని ఖుర్ఆన్ ఐదో అధ్యాయంలో ఉంది. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు డమాస్కస్‌లోని ఆ ఇల్లే గుర్తొస్తుంది.

ఇక శాంతి సంగతి. దీని గురించి మాట్లాడేటప్పుడు నాకు హుదైబియానే ముందు గుర్తొస్తుంది. 628వ సంవత్సరంలో సుమారు 1400 మందితో ప్రవక్త మదీనా నుంచి ఉమ్రాకు, అంటే మక్కాకు చేసే చిన్న యాత్రకు బయలుదేరారు. మక్కా పొలిమేరల్లో, హుదైబియా దగ్గర ఖురైష్‌లు అడ్డుకున్నారు. సంధి రాసుకుందామని వాళ్ల తరఫున సుహైల్ బిన్ అమ్ర్ వచ్చాడు. ప్రవక్త అల్లుడు అలీ కలం పట్టుకుని 'దైవసందేశహరుడు ముహమ్మద్' అని రాశారు. సుహైల్ ఒప్పుకోలేదు. నువ్వు దైవసందేశహరుడివని నమ్మితే నీతో యుద్ధమెందుకు చేస్తాం, తండ్రి పేరుతో రాయించు అన్నాడు. ఆ మాట చెరపడానికి అలీకి చేతులు రాలేదు. అది ఎక్కడుందో చూపించమని, ప్రవక్తే తన చేత్తో చెరిపేశారు. పదేళ్లు యుద్ధం ఉండకూడదు. ఈ ఏడు యాత్ర చేయకుండానే వెనక్కి వెళ్లాలి. మక్కా నుంచి మదీనాకు పారిపోయి వచ్చినవాణ్ణి తిరిగి అప్పగించాలి, మదీనా నుంచి వెళ్లినవాణ్ణి వాళ్లు అప్పగించనక్కరలేదు. షరతులు ఇలా ఉన్నాయి.

సంధి మాటలు నడుస్తుండగానే అబూ జందల్ సంకెళ్లతో కుంటుకుంటూ వచ్చి ముస్లింల మధ్య పడ్డాడు. అతను సుహైల్ కన్నకొడుకే. ఇస్లాం స్వీకరించినందుకు తండ్రి అతన్ని బంధించాడు. ఒప్పందం ప్రకారం అతన్ని వెనక్కి పంపేశారు. సహచరుడు ఉమర్ తట్టుకోలేక ప్రవక్త దగ్గరికి వెళ్లి, "మనం హఖ్ మీద లేమా?" అని అడిగారు. ఉన్నాం అని జవాబు వచ్చింది. యాత్ర ముగిసినట్టుగా అక్కడే బలి ఇచ్చి తలలు గొరిగించుకోమని ప్రవక్త మూడుసార్లు చెప్పినా ఒక్కరూ లేవలేదు. ఆయన భార్య ఉమ్మె సలమా, మీరు ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి మీ ఒంటెను బలి ఇచ్చి మీ తల గొరిగించుకోండి అని సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు. అది చూసి అందరూ లేచారు.

అబూ జందల్ ఆ రోజు అనుభవించినదాన్ని నేను తేలిగ్గా దాటేయలేను. శాంతికి ఒక్కోసారి ఎవరో ఒకరు ఇలా మూల్యం చెల్లించవలసి వస్తుంది. తర్వాత అతను తప్పించుకుని, తనలాంటి మరికొందరితో సముద్రతీరం చేరాడు. వాళ్లు ఖురైష్ వర్తక బిడారులకు అడ్డుపడసాగారు. చివరికి ఖురైష్‌లే ఆ అప్పగింత షరతు తీసేయమని కబురు పంపారు. యుద్ధం ఆగిన ఆ కాలంలో జనం భయం లేకుండా ఒకరినొకరు కలుసుకున్నారు, మాట్లాడుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి 1400 మంది కాస్తా 10,000 అయ్యారు. మక్కా దాదాపు నెత్తురు చిందకుండానే లొంగింది. పాత శత్రువులకు క్షమాభిక్ష దొరికింది.

మన 'రాజీ' కూడా అరబ్బీ మాటే. అక్కడ దానికి 'తృప్తి పడినవాడు' అని అర్థం. హుదైబియా దగ్గర తృప్తి పడినవాళ్లు ఎందరు ఉన్నారో నాకు సందేహమే. ఆ 1400 మందిలో సహల్ బిన్ హునైఫ్ ఒకరు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత సిఫ్ఫీన్ యుద్ధంలో ముస్లింలే ముస్లింల మీద కత్తులు దూసినప్పుడు ఆయన జనంతో, మీ అభిప్రాయాలను మీరే అనుమానించుకోండి అన్నారు. అబూ జందల్ వచ్చిన రోజున వీలుంటే తాను ప్రవక్త ఆజ్ఞను కూడా కాదనేవాడినని ఒప్పుకున్నారు.

ఈ సహల్‌ను గురించి ఇంకొక సంగతి హదీసుల్లో ఉంది. ఆయనా, ఖైస్ బిన్ సఅద్ అనే మరో సహచరుడూ ఇరాక్‌లోని ఖాదిసియ్యాలో కూర్చుని ఉన్నారు. పారశీక సైన్యంతో పెద్ద యుద్ధం జరిగిన చోటు అది. వాళ్ల ముందు నుంచి ఒక శవయాత్ర వెళుతోంది. ఇద్దరూ లేచి నిలబడ్డారు. పక్కనున్నవాళ్లు, అది ముస్లిం శవం కాదు, ఈ నేలవాళ్లలో ఒకరిది అన్నారు. అప్పుడు ఆ ఇద్దరూ తాము చూసింది చెప్పారు. ఒకప్పుడు ప్రవక్త ఇలాగే ఒక శవయాత్రను చూసి లేచి నిలబడ్డారట. ఆ శవం యూదుడిదని ఎవరో చెప్పారట. "అది ఒక ప్రాణం కాదా?" అని ఆయన అడిగారట.