కోవూరు ఒడ్డున ఒక ఫోను

శ్రోతలకు నమస్కారం. 2021 నవంబరు నెల మీకు గుర్తుండే ఉంటుంది. సోమశిల జలాశయం నుంచి సుమారు 5 లక్షల క్యూసెక్కులు వదలడంతో పెన్నా ఒడ్లు దాటింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. జాతీయ రహదారి తెగింది. నెల్లూరు ఇటు, కోవూరు అటు. టీవీ కెమెరా ఇటు ఉండిపోతే అటు సంగతి చూపించేది ఎవరు?

ప్రైవేటు తెలుగు చానళ్లు వచ్చిన కొత్తలో జిల్లా విలేకరి టేపును హైదరాబాదు వెళ్లే బస్సులో పంపేవాడు. ఈ రోజు మునిగిన ఊరు రేపు తెరమీదికి వచ్చేది. ఇప్పుడు వీపున తగిలించుకునే లైవ్ కిట్ ఉంది. అందులో నాలుగైదు సిమ్ కార్డులుంటాయి. దృశ్యాన్ని ముక్కలు చేసి, దొరికిన సిగ్నళ్లన్నిటి మీదా పంపుతుంది. స్టూడియోలో ఆ ముక్కలు మళ్లీ అతుక్కుంటాయి. ఎంతో తెలివైన ఏర్పాటు. కానీ వరదలో కరెంటు పోతుంది. సెల్ టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలకే చేతులెత్తేస్తాయి. అప్పుడు ఐదు సిమ్‌లున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇక మిగిలేది ఫోనో, అంటే విలేకరి ఫోనులో చెప్పే వార్త. తెరమీద ఒక మ్యాపు, ఒక నిశ్చల చిత్రం, వెనక విలేకరి గొంతు. నిజానికి అది రేడియోయే! ఆ గొంతు ఊరెరిగిన మనిషిది కావాలి. ‘భారీ వరద’ అనే మాట చెన్నైలో ఉన్న కొడుక్కి పనికిరాదు. ‘బడి మెట్లు మునిగాయి, గుడి వీధి పొడిగానే ఉంది, జనాన్ని అక్కడికి చేర్చారు’ అంటే అతనికి ఊపిరి వస్తుంది. దృశ్యాలు లేవని పాత వరదను తేదీ వేయకుండా తిప్పితే అదే కొడుకు గుండె ఆగినంత పనవుతుంది. దానికంటే ఖాళీ తెర వెయ్యి రెట్లు నయం.

ఆ గొంతు తరచుగా ఒక స్ట్రింగరుది, అంటే చానల్ ఉద్యోగి కాని స్థానిక విలేకరిది. చాలామందికి నెల జీతం ఉండదు, వార్తకు ఇంతని లెక్క. బండి సొంతం, పెట్రోలు సొంతం. మోకాలి లోతు నీళ్లలో నిలబడి మాట్లాడమని చానల్ వార్తల డెస్క్ అడుగుతుంది. అడగకూడదు. గట్టున నిలబడి చెప్పినా అది వార్తే.

మన నెల్లూరు వైపు జిల్లాలకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. అవి మొదలయ్యేలోపు ప్రతి మండలంలోని తమ మనిషికి ఒక లైఫ్ జాకెట్, ఒక పవర్ బ్యాంకు అందించాలని చానళ్ల యాజమాన్యాలను కోరుతున్నాను.