పాట వినొచ్చు, సీడీ మాత్రం కొనకూడదు: కొరియా, జపాన్ 1998లో కుదుర్చుకున్న రాజీ

[తెర మీద: సియోల్ వీధులు, 1998 నాటి దృశ్యాలు]

1998 డిసెంబర్‌లో దక్షిణ కొరియా థియేటర్లలో ఒక జపాన్ సినిమా రిలీజైంది, తకేషి కితానో తీసిన 'హనా-బీ'. ఏడాది ముందే వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ బహుమతి తెచ్చుకున్న సినిమా. ఇందులో అంతగా చెప్పుకోవడానికి ఏముంది అంటారేమో. 1945లో జపాన్ పాలన పోయాక కొరియావాళ్లు హాలుకెళ్లి టికెట్ కొనుక్కుని దర్జాగా చూసిన మొట్టమొదటి జపాన్ సినిమా అదే! బూసాన్ నుంచి జపాన్ వాళ్ల సుషిమా దీవి సుమారు 50 కిలోమీటర్లే, అయినా అంత దగ్గరి దేశం సినిమా రావడానికి 53 ఏళ్లు పట్టింది.

కారణం మీకు తెలిసే ఉంటుంది. 1910 నుంచి 35 ఏళ్లు జపాన్ కొరియాని ఏలింది. చివరికొచ్చేసరికి బడుల్లోంచి కొరియన్ భాషని తీసేశారు, జపాన్ పేర్లు పెట్టుకోమని జనం మీద ఒత్తిడి తెచ్చారు. అంత జరిగాక వాళ్ల పాటలు మన ఊళ్లో వినపడకూడదు అనుకుంటే దాన్ని చాదస్తం అనలేం. 1965లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి, జపాన్ 30 కోట్ల డాలర్లు ఊరికే, 20 కోట్లు అప్పుగా ఇవ్వడానికి ఒప్పుకుంది, రాయబారులు వచ్చారు, వ్యాపారం మొదలైంది, కానీ జపాన్ సినిమాలకీ పాటలకీ కొరియా వేసిన తాళం అలాగే ఉండిపోయింది.

పేరుకి మాత్రమే అనుకోండి. బూసాన్‌లో యాంటెన్నా కాస్త అటూ ఇటూ తిప్పితే జపాన్ టీవీ వచ్చేది. జపాన్ పాటల దొంగ క్యాసెట్లు బజార్లో దొరికేవి. ఇంకా తమాషా ఏంటంటే 'మజింగర్ జెడ్' లాంటి జపాన్ కార్టూన్లని కొరియన్‌లోకి డబ్ చేసి, హీరోకి కొరియన్ పేరు పెట్టి, కొరియా టీవీలోనే వేసేవాళ్లు, అది ఎక్కడిదో తెలియకుండానే ఎంతోమంది పిల్లలు పెద్దవాళ్లైపోయారు.

[తెర మీద: కిమ్ డే-జుంగ్ ఫోటో]

ఇప్పుడు ఈయన గురించి. కిమ్ డే-జుంగ్, ప్రతిపక్ష నాయకుడు. 1973 ఆగస్ట్ 8న టోక్యోలో ఒక హోటల్లో ఉండగా సొంత దేశం గూఢచారులే వచ్చి ఎత్తుకుపోయారు. ఓడ ఎక్కించి, కాళ్లూ చేతులూ కట్టేసి, ఒంటికి బరువులు కట్టారు, సముద్రంలోకి తోసేయడానికే అని ఆయనకి అర్థమైపోయింది. ఎలాగో ప్రాణాలతో బయటపడి ఐదు రోజుల తర్వాత సియోల్‌లో సొంతింటి దగ్గర తేలారు. 1980లో సైనిక పాలకులు మరణశిక్ష వేయించారు, అదీ తప్పింది. ఆ మనిషి 1998 ఫిబ్రవరిలో దేశాధ్యక్షుడయ్యారు, అది కూడా ఖజానాలో డాలర్లు నిండుకుని ఐఎంఎఫ్ ముందు చేయి చాచాల్సి వచ్చిన రోజుల్లో.

అక్టోబర్‌లో టోక్యో వెళ్లారు. 8వ తేదీన ఆయనా, జపాన్ ప్రధాని కెయిజో ఒబుచీ కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. వలస పాలన వల్ల కొరియా ప్రజలకి జరిగిన నష్టానికీ, బాధకీ పశ్చాత్తాపపడుతున్నాం, మనస్ఫూర్తిగా క్షమాపణ చెబుతున్నాం అని అందులో ఉంది. మూడేళ్ల ముందు ప్రధాని మురయామా కూడా ఇంచుమించు ఇదే అన్నారు, కాకపోతే అది ఆసియా మొత్తాన్ని ఉద్దేశించిన ప్రసంగం. కొరియా పేరు పెట్టి రెండు దేశాల కాగితం మీద రాయడం ఇదే మొదలు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అదే కాగితంలో కిమ్ రాసిచ్చింది కూడా ఉంది: యుద్ధం తర్వాత జపాన్ శాంతి రాజ్యాంగం కింద నడుచుకుంది, ప్రపంచానికి సాయపడింది, అది మేం గుర్తిస్తున్నాం అని. జపాన్ పార్లమెంటులో మాట్లాడుతూ, 400 ఏళ్ల కిందట కొరియా మీద జపాన్ చేసిన ఏడేళ్ల దండయాత్ర, ఈ శతాబ్దంలో 35 ఏళ్ల పాలన, రెండూ కలిపినా 50 ఏళ్లు కాదు, దానికోసం 1500 ఏళ్ల రాకపోకల్ని చెరిపేసుకోవడం తెలివితక్కువ పని అన్నారు. ఇది జపాన్‌ని వెనకేసుకురావడం కాదు, బేరం. నువ్వు రాసివ్వు, నేను పాత సంగతి మళ్లీ మళ్లీ ఎత్తను. నా లెక్కలో ఈ రెండో సగం లేకపోతే ఆ క్షమాపణ కాగితం మీదికి వచ్చేదే కాదు.

[తెర మీద: జియాంగ్ జెమిన్ టోక్యో పర్యటన]

కావాలంటే తర్వాతి నెల చూడండి. చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ నిజానికి సెప్టెంబర్‌లోనే రావాలి, వరదల వల్ల ఆయన ప్రయాణం వాయిదా పడింది, ఈలోగా కిమ్ వచ్చి తన కాగితం పట్టుకెళ్లిపోయారు. మాకూ అలాగే రాసివ్వండి అని చైనా పట్టుబట్టింది. నోటిమాటగా అయితే చెబుతాను, రాసిమ్మంటే మాత్రం కుదరదు అన్నారు ఒబుచి. ఎందుకంటే ఇక ఈ సంగతి ఎత్తం అని చైనా చెప్పలేదు మరి. చక్రవర్తి ఇచ్చిన విందుకి జియాంగ్ మావో సూట్‌లో (చైనా కమ్యూనిస్టు నాయకులు వేసుకునే కోటు) వెళ్లి అక్కడే చరిత్ర సంగతి తీశారు. ప్రకటన ఒకటి వచ్చింది గానీ అందులో క్షమాపణ అన్న మాట లేదు, కింద సంతకాలూ లేవు.

మళ్లీ సియోల్‌కి వద్దాం. కిమ్ వెనక్కొచ్చాక అక్టోబర్ 20న మొదటి విడత తలుపులు తెరిచారు. తెరిచారంటే బార్లా తెరవలేదు, జనంలో గుబులుంది కదా, జపాన్ సరుకు వచ్చిపడితే మన సినిమా ఏమైపోతుందో అని. అందుకని మాంగా (జపాన్ బొమ్మల కథల) పుస్తకాలు ఓకే, సినిమాలైతే కాన్, వెనిస్, బెర్లిన్, ఆస్కార్‌లలో బహుమతి కొట్టినవే. 'హనా-బీ' ముందుగా వచ్చింది అందుకే.

పాటల విషయంలో రూల్స్ చూస్తే నవ్వొస్తుంది. 1999 సెప్టెంబర్‌లో 2000 సీట్ల లోపు హాల్లో కచేరీ చేసుకోవచ్చన్నారు, సీడీలు మాత్రం అమ్మకూడదు. 2000 జూన్‌లో కచేరీ ఎక్కడైనా చేసుకోండి, సీడీలూ అమ్ముకోండి, కానీ సీడీలో పాట జపనీస్‌లో ఉండకూడదన్నారు! ఆ ఆగస్ట్‌లో చాగే అండ్ అస్కా అనే జోడీ సియోల్ వచ్చి స్టేజి మీద జపనీస్‌లోనే పాడి వెళ్లారు, బయట కొట్లో ఆ పాటల సీడీ కొందామంటే అమ్మడానికి లేదు. అర్థంలేని రూల్‌లా ఉంటుంది గానీ, ఒక్కో విడతకీ గొడవలేం జరగలేదని చూసుకుని ఇంకాస్త తెరవడానికి ఆ రూల్సే పనికొచ్చాయి.

2001లో బ్రేక్ పడింది. యుద్ధ చరిత్రని తేలిక చేసిందని గొడవైన ఒక పాఠ్యపుస్తకానికి టోక్యో ఆమోదం ఇవ్వడంతో కొరియా తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది, జులైలో తర్వాతి విడత ఆపేసింది. చివరికి 2004 జనవరి 1న జపనీస్ పాటల సీడీలకి కూడా లైన్ క్లియర్ అయింది. అప్పటికి వ్యవహారం తిరగబడింది: 2003లో జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కేలో మొదలైన కొరియా సీరియల్ 'వింటర్ సొనాటా'కి జపాన్ ఆడవాళ్లు పడిపోయారు, హీరో బే యోంగ్-జున్‌ని గౌరవంగా యోన్-సామా అని నెత్తిన పెట్టుకున్నారు. కొరియా మాత్రం జపాన్ సీరియళ్లని అప్పటికీ కేబుల్‌కీ, శాటిలైట్‌కే వదిలింది, మామూలు ఛానళ్లలోకి రానివ్వలేదు.