కప్పు గొప్పదా, సిరీస్ గొప్పదా? ఆక్లాండ్‌లో ఒక శనివారం

నమస్కారం. తెర మీద కనిపిస్తున్న ఆ బురద మైదానం ఆక్లాండ్ నార్త్ షోర్‌లో మా ఇంటికి దగ్గరలోనే ఉంది. గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు, పిల్లలేమో బూట్లు లేకుండా పరుగెత్తుతున్నారు. ఇక్కడ చిన్నపిల్లలు ఉత్తి కాళ్ళతో రగ్బీ ఆడటం మామూలే. మన తల్లి ఎవరైనా చూస్తే ముందు సాక్సులు పట్టుకుని వెంటపడుతుంది. ఆకుపచ్చ చొక్కాలో ఉన్నవాడు మావాడు. నడుముకు రెండు పక్కలా వేలాడుతున్న పట్టీల్లో ఒకటి లాగేస్తే చాలు, వాణ్ణి ఆపేసినట్టే. మీద పడి కూలదోయడం ఉండదు. దీన్ని రిప్పా రగ్బీ అంటారు.

తల్లిదండ్రులు గీత ఇవతల కాఫీ కప్పులతో నిలబడి, పిల్లల ఆట మీద కన్నా పెద్దల ఆట మీదే ఎక్కువ మాట్లాడుకుంటారు. ఈ వారం గొడవ ఇది: ప్రపంచ కప్పు గెలవడం గొప్పా, ఒక దేశానికి టూరు వెళ్ళి వాళ్ళ గడ్డ మీద టెస్ట్ సిరీస్ గెలవడం గొప్పా? (రగ్బీలో టెస్ట్ అంటే ఒక అంతర్జాతీయ మ్యాచ్, ఒక్క పూటలో అయిపోతుంది.)

ఒకపక్క మావాడి కోచ్. డెబ్బై దాటిన పెద్దమనిషి, ఇక్కడే పుట్టి పెరిగారు. ఇంకోపక్క ప్రిటోరియా నుంచి వచ్చి స్థిరపడిన ఒక పిల్లవాడి తండ్రి. నార్త్ షోర్‌లో దక్షిణాఫ్రికా వాళ్ళు చాలామంది ఉన్నారు, కాబట్టి ఇలాంటి వాదనకు ఎదుటి పక్షం కోసం వెతుక్కోవలసిన పని ఉండదు.

ప్రిటోరియా ఆయన లెక్క సూటిగా ఉంటుంది. వర్ణవివక్ష కారణంగా 1987, 1991 కప్పుల్లో దక్షిణాఫ్రికాను ఆడనివ్వలేదు. 1995 నుంచి ఆడినవి ఎనిమిది, గెలిచినవి నాలుగు. ఇంకెవరికీ నాలుగు లేవు, న్యూజీలాండ్‌కు మూడే. 2023లో క్వార్టర్ ఫైనల్‌లో ఫ్రాన్స్ మీద 29-28, సెమీస్‌లో ఇంగ్లండ్ మీద 16-15, ఫైనల్‌లో న్యూజీలాండ్ మీద 12-11. మూడు వారాలు వరుసగా ఒక్కొక్క పాయింటు తేడాతో నెగ్గారు. "అది అదృష్టమంటే నేను ఒప్పుకోను, అది గుండె నిబ్బరం" అంటారాయన.

కోచ్‌గారు అదే లెక్కను తిరగేసి చదువుతారు. మూడు మ్యాచ్‌లకు కలిపి మూడు పాయింట్లు. అందులో ఒక్క కిక్కు పక్కకు పోయి ఉంటే కప్పు ఇంకొకరిది అయ్యేది. ఫైనల్ ఒక్క సాయంత్రం ఆట. ఆ రోజు ఎవరికి ఎర్రకార్డు పడింది, ఎవరి మోకాలు తప్పింది అన్న దాన్ని బట్టి చరిత్ర రాసేస్తారు. సిరీస్ అలా కాదు. ఓడిన జట్టుకు వారం గడువు ఉంటుంది, జట్టు మారుస్తుంది, ఎత్తు మారుస్తుంది. అప్పుడు కూడా మీరు గెలిస్తేనే గెలిచినట్టు.

ఆయన ఇలా మాట్లాడటానికి వెనక పెద్ద కథ ఉంది. రగ్బీ ప్రపంచ కప్పు మొదలైనదే 1987లో. అంతకు ముందు ఈ ఆటలో గొప్పతనమంతా టూర్లదే. బ్రిటన్ నుంచి ఒక జట్టు 1888లోనే ఓడెక్కి ఈ దేశానికి వచ్చింది. తర్వాతి టూర్లలో నెలల తరబడి ఊరూరా తిరిగి, వారం మధ్యలో జిల్లా జట్లతో, శనివారాల్లో టెస్టులు ఆడేవారు. మీ ఊరి కసాయి, మీ ఊరి పాల రైతు టూరు జట్టుతో తలపడతారు. ఆ ఊరికి అది వందేళ్ళు చెప్పుకునే సంగతి. ఐర్లండ్‌లో మన్‌స్టర్ అనే ప్రాంతీయ జట్టు 1978లో ఆల్ బ్లాక్స్‌ను, అంటే న్యూజీలాండ్ జాతీయ జట్టును, 12-0తో ఓడించింది. ఆ జట్టువారిని అక్కడ ఇప్పటికీ దేవుళ్ళలా చూస్తారు. 2017లో బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ళు కలిసి ఆడే లయన్స్ జట్టు వచ్చినప్పుడు తొలి మ్యాచ్ ఇక్కడికి ఉత్తరాన ఉన్న ఫాంగరేలో ఆడింది. అంత చిన్న ఊళ్ళో ప్రపంచ కప్పు ఫైనల్ ఎన్నటికీ జరగదు కదా.

ఇక న్యూజీలాండ్‌కు అసలు గాయం దక్షిణాఫ్రికా టూర్లది. న్యూజీలాండ్ అక్కడికి 1928లో మొదటిసారి వెళ్ళి 2-2తో సమం చేసింది. 1949లో నాలుగుకు నాలుగూ ఓడింది. 1960, 1970, 1976 టూర్లలోనూ ఓటమే. 1949 సెప్టెంబరు 3న అయితే ఒకే రోజు రెండు టెస్టులు ఓడారు. డర్బన్‌లో దక్షిణాఫ్రికా చేతిలో ఒకటి, ఇక్కడ వెల్లింగ్టన్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఒకటి. ఒక జట్టు టూరులో ఉండగా ఇక్కడ మిగిలినవాళ్ళతో ఇంకో జట్టు ఆడింది. శ్వేతజాతి పాలకులు ఒప్పుకోరని ఈ దేశపు మూలవాసులైన మావొరీ ఆటగాళ్ళను టూరుకు తీసుకుపోలేదు. ఆ మాట వచ్చినప్పుడు కోచ్‌గారి గొంతు కాస్త తగ్గుతుంది. టూర్ల పరువు గురించి మాట్లాడేవాళ్ళు ఈ పేజీని దాటేయకూడదు.

చివరికి 1996లో షాన్ ఫిట్జ్‌ప్యాట్రిక్ సారథ్యంలో డర్బన్‌లో 23-19, ప్రిటోరియాలో 33-26తో గెలిచి, మూడో టెస్టు ఓడినా సిరీస్ పట్టుకొచ్చారు. మొదటి టూరు నుంచి లెక్కేస్తే 68 ఏళ్ళు. ప్రిటోరియాలో విజిల్ మోగగానే గెలిచినవాళ్ళు గెంతలేదు, నిలబడే ఓపిక లేక పచ్చిక మీద కూలబడిపోయారు. అంతకు ఏడాది ముందే, 1995 ఫైనల్‌లో అదే దక్షిణాఫ్రికా చేతిలో 15-12తో ఓడారు. ఆ మ్యాచ్‌లో ఒక్క ట్రై కూడా లేదు, అంటే బంతిని గీత దాటించి నేలకు ఆనించినవాళ్ళే లేరు. జోయెల్ స్ట్రాన్స్‌కీ కాలితో కొట్టినవే పదిహేను పాయింట్లూ. నెల్సన్ మండేలా ఆరో నంబరు జెర్సీ వేసుకుని కప్పు అందించిన దృశ్యం రగ్బీ తెలియనివాళ్ళకు కూడా తెలుసు. ప్రిటోరియా విజయం రగ్బీ వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. కోచ్‌గారిని అడిగితే మాత్రం "1996 ఇచ్చి మూడు కప్పులూ తీసుకుంటారా?" అన్నదానికి సమాధానం చెప్పకుండా కాఫీ తాగుతారు. నేను దాన్ని "ఇవ్వను" అనే అనువదించుకున్నాను.

ఈలోగా విరామం. కోసిన నారింజ ముక్కల డబ్బా తిప్పడం ఈ వారం నా వంతు. పిల్లలు తొక్కను పళ్ళకు తొడుక్కుని ఒకరిని చూసి ఒకరు నవ్వుకుంటున్నారు, చూడండి.

పసిఫిక్ దీవుల్లోని సమోవా నుంచి వచ్చిన ఒక పిల్లవాడి అమ్మ, ఇంతసేపూ మాట్లాడకుండా ఉన్నావిడ, అప్పుడు ఒక మాటంది. "మీ సిరీస్‌లు మీ ఇళ్ళ మధ్య పెళ్ళిళ్ళు. మమ్మల్ని పిలిచేది ప్రపంచ కప్పు ఒక్కటే." ఇద్దరు మగవాళ్ళకూ దీనికి జవాబు లేదు. ఈ దేశపు జట్టు నిండా సమోవా, టోంగా, ఫిజీ మూలాల కుర్రాళ్ళే. అయినా ఆల్ బ్లాక్స్ సమోవా గడ్డ మీద తొలి టెస్టు ఆడింది 2015లో, ఆపియాలో, అదీ ఒకే ఒక్క మ్యాచ్. కప్పులో అయితే ఎవరికైనా ఒక రోజు దొరుకుతుంది. అదే 2015లో జపాన్ 34-32తో దక్షిణాఫ్రికాను ఓడించింది. 2023లో ఫిజీ 22-15తో ఆస్ట్రేలియాను పడగొట్టింది. జపాన్‌ను మూడు టెస్టుల సిరీస్‌కు పిలిచి ఉంటే బహుశా మొదటి టెస్టు గెలిచి తక్కిన రెండూ ఓడేది. దాన్ని ఎవరు గుర్తు పెట్టుకుంటారు?

మ్యాచ్ అయిపోయింది. ఎవరు గెలిచారో మావాడికే తెలియదు. రొట్టె ముక్కలో వేయించిన ఉల్లిపాయతో ఇచ్చే సాసేజ్ దొరికిందా లేదా అన్నదే వాడి లెక్క.

ఇప్పుడు హార్బర్ బ్రిడ్జి దాటి సాండ్రింగ్‌హామ్ రోడ్డుకు వచ్చాం. వారం సరుకులు ఇక్కడే. ఇడ్లీ రవ్వ, చింతపండు, దొరికినప్పుడు గోంగూర. కరివేపాకు ధర మాత్రం నన్ను అడగకండి, ఇక్కడ ఆకులు లెక్కపెట్టి తాలింపు వేస్తాం. ఈ వీధి విశేషం ఏమిటంటే, సరుకుల సంచి పట్టుకుని ఇలా కాస్త నడిస్తే ఈడెన్ పార్క్ వస్తుంది. అదిగో, ఇళ్ళ కప్పుల మీంచి కనిపిస్తున్నది దాని స్టాండే. 1994 తర్వాత ఆల్ బ్లాక్స్ ఈ మైదానంలో టెస్టు ఓడలేదు.

మా వాదనలో సగం ఈ గోడల వెనకే నడిచింది. 1987 ఫైనల్ ఇక్కడే. 2011 ఫైనల్ కూడా, ఫ్రాన్స్ మీద 8-7. ఆ టోర్నీలో న్యూజీలాండ్ ఫ్లై హాఫ్‌లు, అంటే ఆటను నడిపిస్తూ కిక్కులు కొట్టేవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు గాయపడ్డారు. స్టీఫెన్ డోనల్డ్‌కు పిలుపు వచ్చేసరికి అతను నదిలో వైట్‌బెయిట్ చేపలు పట్టుకుంటున్నాడు. గెలిపించిన పెనాల్టీ అతను కొట్టిందే. కథగా ఎంత బాగుందో చూడండి. అయితే రెండు దేశాల్లో ఏది మెరుగైన రగ్బీ జట్టో ఆ ఒక్క పాయింటు చెప్పగలదా?

1981 సెప్టెంబరు 12న దక్షిణాఫ్రికాతో మూడో టెస్టు కూడా ఇక్కడే జరిగింది. బయట వివక్ష వ్యతిరేక నిరసనలు, లాఠీలు. పైన చిన్న విమానం మైదానం మీదుగా చక్కర్లు కొడుతూ పిండి పొట్లాలు విసిరింది, ఒకటి ఒక ఆటగాడికి తగిలింది. అయినా ఆట ఆపలేదు. ఆఖరి క్షణాల పెనాల్టీతో న్యూజీలాండ్ 25-22తో గెలిచి సిరీస్ 2-1 చేసుకుంది. ఆ విజయాన్ని కోచ్‌గారు ఎప్పుడూ లెక్కలో కలపరు. ఆ టూరుతో అన్నదమ్ములే మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళు ఈ దేశంలో ఉన్నాయి.

2017లో లయన్స్‌తో ఆఖరి టెస్టు కూడా ఈడెన్ పార్క్‌లోనే, 15-15. సిరీస్ 1-1తో సమం. చివర్లో రిఫరీ మొదట పెనాల్టీ ఇచ్చి తర్వాత దాన్ని స్క్రమ్‌గా, అంటే రెండు జట్లూ గుంపుగా తలపడి బంతి కోసం తోసుకునేదిగా, మార్చాడు. ఇద్దరు సారథులూ ఒకే ట్రోఫీని చెరో చేత్తో పట్టుకున్నారు. లయన్స్ ఒక దేశానికి మళ్ళీ రావాలంటే పన్నెండేళ్ళు పడుతుంది, అంటే ఆ లెక్క 2029 దాకా తేలదు. ఇక్కడివాళ్ళు దాన్ని ఇంకా నములుతూనే ఉన్నారు.

మావారు రగ్బీ చూడరు, కానీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి క్షణం కూడా ఆలోచించలేదు. ఆయనది క్రికెట్ లోకం. మనవాళ్ళు గెలిచిన 2011 క్రికెట్ కప్పు కన్నా 2021 జనవరిలో ఆస్ట్రేలియాలో గెలిచిన సిరీస్ ఆయనకు ఎక్కువ. తొడ కండరం పట్టేసిన మన హనుమ విహారి సిడ్నీలో 161 బంతులు ఆడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. టూరులో ఉండగానే తండ్రిని పోగొట్టుకున్న మన సిరాజ్ బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీశాడు. "36 పరుగులకే ఆలౌటైన జట్టు లేచి నిలబడటానికి నెల రోజులు దొరకడమే సిరీస్ అంటే" అన్నారు. ఆ మాట కోచ్‌గారికి చెప్పాలి.

నాదీ ఆ పక్షమే, కానీ నన్ను ఇబ్బంది పెట్టే ఉదాహరణ ఒకటి ఉంది, ఐర్లండ్. 2022 జులైలో వాళ్ళు ఇక్కడికి వచ్చారు. ఇదే ఈడెన్ పార్క్‌లో 42-19తో చిత్తుగా ఓడి, డ్యునెడిన్‌లో 23-12, వెల్లింగ్టన్‌లో 32-22తో గెలిచి సిరీస్ ఎగరేసుకుపోయారు. అంతకు ముందు ఈ గడ్డ మీద వాళ్ళు ఒక్క టెస్టు కూడా గెలవలేదు. మరుసటి ఏడు ప్యారిస్ క్వార్టర్ ఫైనల్‌లో ఇదే న్యూజీలాండ్ చేతిలో 28-24తో ఇంటిదారి పట్టారు. ఆఖర్న 37 సార్లు బంతిని కాపాడుకుంటూ గీత దాటలేకపోయారు. ప్రపంచ కప్పులో ఐర్లండ్ ఇప్పటిదాకా ఒక్క నాకౌట్ మ్యాచ్ గెలవలేదు. సిరీసే అసలు కొలమానమైతే వాళ్ళకు ఏ లోటూ ఉండకూడదు. కానీ మా వీధిలోని డబ్లిన్ ఆవిడకు డ్యునెడిన్ గురించి చెబితే సంతోషంగా తలూపుతుంది, ప్యారిస్ పేరెత్తితే మాట మార్చేస్తుంది.

2026లో ఆల్ బ్లాక్స్ దక్షిణాఫ్రికాకు పాత పద్ధతిలో పూర్తి టూరు వెళ్ళేలా రెండు దేశాల బోర్డులూ ఒప్పందం చేసుకున్నాయి. టెస్టుల మధ్యలో అక్కడి జట్లతో మ్యాచ్‌లు కూడా ఉంటాయి. ప్రిటోరియా ఆయన పచ్చ జెర్సీ ఇస్త్రీ చేయించుకుంటున్నారు. కోచ్‌గారు వైద్యుణ్ణి అడిగి టికెట్లు చూసుకుంటానన్నారు. సమోవా అమ్మ మాత్రం ఆ వారాల్లో కూడా మ్యాచ్ రోజు నారింజలు ఎవరి వంతో ఇప్పుడే రాసి పెట్టమంది.